తొమ్మిది పుస్తకాల వరుస

బైండింగు పని చేసిన తాతకి మనవరాలిని, ప్రూఫులు దిద్దే మావయ్యకి మేనకోడలిని, టీచరు పిన్నికి అక్క కూతురిని, పంతొమ్మిదేళ్లు నిండిన సాహిత్య విద్యార్థినిని అయిన నేను, ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పైగా ఇంటిల్లిపాదీ నవ్వుతూ వద్దంటుండగా, నా ఇష్టంతో రాసుకుంటున్న వీలునామా ఇది.

బుద్ధి స్వాధీనంలో ఉందా అని అనుమానం వచ్చినవాళ్లకి ఒక మాట. రేపు ఉదయం నాకు టాన్సిల్స్ తీస్తారు. "టాన్సిల్స్‌కి వీలునామా ఏమిటే, జలుబు చేస్తే సమాధి కట్టించుకుంటావా?" అని అక్క ఫోన్లో పడీపడీ నవ్వింది. డాక్టరుగారు ఇరవై నిమిషాల పని అన్నారు. అని, అదే నోటితో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అందులో మూడుచోట్ల "అనుకోనిది జరిగినచో" అని ఉంది. ఆసుపత్రివాళ్లు అనుకోనిది జరుగుతుందని అనుకోవచ్చునట, నేను అనుకుంటే మాత్రం నవ్వులాటట.

ఈ వీలునామా ఉద్దేశం ఒక్కటే, ముందే చెబుతున్నాను. మా అక్క కూతురికి, అంటే మేమంతా బుడంకాయ అని పిలిచే పిల్లకి, వచ్చే వారం ఏడేళ్లు నిండుతాయి. మా ఇంట్లో ఏడేళ్లు నిండిన పిల్లలకి లాంతరు వీధి కథల పుస్తకాలు ఇస్తారు. అవి తొమ్మిది. ఏది ముందు, ఏది వెనక అన్నదాని మీద నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో తగువు. ఏ పుస్తకాన్నైనా మొదటిసారి చదవడం ఒక్కసారే కుదురుతుంది. వరుస తప్పితే దిద్దుకోవడానికి ఇంకో మొదటిసారి దొరకదు. నాకు తప్పింది. బుడంకాయకి తప్పకూడదు. నేను ఉంటే దగ్గరుండి చూసుకుంటాను. లేకపోతే ఈ కాగితాలు చూసుకోవాలి.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. అలాంటిది ఒక్కటే ఉంది. పదేళ్లప్పుడు చికెన్‌పాక్స్ వచ్చినప్పుడు లెక్కల పుస్తకం చివరి పేజీలో రాశాను. అందులో నా రబ్బరుబ్యాండ్ల బంతిని అక్కకి ఇచ్చాను. నేను బతికుండగానే ఆమె ఆ బంతిని పట్టుకుపోయింది. ఇప్పుడు వెనక్కి అడగడం లేదు కానీ, మరిచిపోలేదని నమోదు చేస్తున్నాను. "ఇందుమూలంగా" అనే మాట జీవితంలో ఒక్కసారైనా వాడాలని నాకు ఉండేది. ఆ కోరిక తీరింది.

2. ఈ వీలునామాని అమలుపరిచే బాధ్యత అక్కది. ఆమె బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు తర్వాత ఏ బస్సు బయలుదేరాలో రోజంతా గొంతు చించుకుని చెప్పే మనిషి, ఇంట్లో తొమ్మిది పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి "మీ గొడవలోకి నన్ను లాగకండి బాబూ" అని చేతులు దులుపుకుంటుంది. లాగుతున్నాను.

3. ఆస్తి వివరం. మా వీధి చివర దస్తావేజులు రాసే ఆయన్ని నమూనా అడిగితే, పాత వీలునామా ఒకటి చేతిలో పెట్టి, "పేర్లు మార్చుకుని రాసేసుకో తల్లీ" అన్నాడు. అందులో ఆస్తిని పిత్రార్జితం, స్వార్జితం అని విడదీశారు. నా తొమ్మిది పుస్తకాలూ అమ్మ వాళ్ల నాన్నగారి నుంచి వచ్చాయి కాబట్టి వాటిని మాతామహార్జితం అని రాస్తున్నాను. అలాంటి మాట ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే ఈ రోజు నుంచి ఉంటుంది.

సదరు పుస్తకాలు తొమ్మిదింటికీ ముదురాకుపచ్చ కాలికో గుడ్డతో గట్టి అట్టలు వేసి ఉన్నాయి. వెన్ను మీద తెల్లరంగుతో ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు. పేర్లు లేవు, అచ్చయిన సంవత్సరాలు లేవు. ప్రస్తుతం అవి గుడ్డసంచిలో, ఈ మంచం కిందే ఉన్నాయి. ఇంట్లో వదిలి రావడానికి ధైర్యం చాలలేదు. నిన్న నన్ను చూడటానికని మావయ్యా పిన్నీ ఒకేసారి ఇంటికి వచ్చారు. ఇద్దరూ నన్ను చూడలేదు, పుస్తకాల బీరువాని చూశారు.

స్వార్జితం: ఆధారాల నోటుపుస్తకం ఒకటి. అట్ట ఊడిన నిఘంటువు ఒకటి. ఎర్రపెన్సిళ్లు నాలుగు. అంతకుమించి నాకేమీ లేదు.

4. అంకెల గురించి రాయాలంటే తాత గురించి రాయాలి. ఆయన గది మా మెట్ల కింద ఉండేది. మరచుట్టు తిప్పి బిగించే చెక్క ప్రెస్సు, జిగురు డబ్బా, మైనం రాసిన దారం, అరచేతి వెడల్పు కత్తి. కాలేజీ పుస్తకాలు, గ్రంథాలయం పుస్తకాలు, ఎవరెవరివో పాటల పుస్తకాలు కుట్టేవాడు. సొంత పిల్లల పుస్తకాలు చిరిగితే అవి అందరి పుస్తకాల తర్వాత వరుసలో నిలబడాల్సిందే. జీవితమంతా పుస్తకాలు కుట్టాడు గానీ వాటిని చదివే తీరిక ఆయనకి లేకపోయింది. పుస్తకం విప్పితే విడివిడి ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, వస్తాయి. ప్రతి ఫారం అడుగున ఒక అంకె ఉంటుంది. బైండరు కథ చూడడు. ఆ అంకె చూసి, ఒకటి కింద రెండు పెట్టి కుట్టేస్తాడు. లాంతరు వీధి పుస్తకాలు కుట్టినప్పుడు ముందు పేజీలు చిరిగిపోయి ఉన్నాయని తీసి పారేసి తెల్లకాగితాలు అంటించాడు. పేరూ, సంవత్సరమూ వాటితోపాటే పోయాయి. మిగిలింది వెన్ను మీద అంకె. అంకె ఉన్నచోట మనిషి ఏమనుకుంటాడు? ఒకటో భాగం, రెండో భాగం అనుకుంటాడు. తాత మొదట అక్కకి ఆ అంకెల ప్రకారమే చేతికిచ్చాడు, తర్వాత నాకు అదే ప్రకారం చదివి వినిపించాడు. మా మొత్తం కష్టానికి ఇదీ మూలం.

5. తగువు వివరం. చదవని వాళ్ల కోసం కథ చెబుతున్నాను. ఒక వీధిలో పదిహేడు లాంతర్లు ఉంటాయి. సాయంత్రం అయ్యేసరికి ఒక అక్కా తమ్ముడూ వాటిని వెలిగిస్తూ వెళతారు. వాళ్ల వెంట ఒంటిచెవి కుక్క ఒకటి. పదిహేడు దీపాలు అనే పుస్తకంలో ఆ వీధి పరిచయమవుతుంది. వెన్ను మీద అది నాలుగు. వానలో కుక్కపిల్ల అనే దాంట్లో ఆ కుక్క వాళ్ల ఇంటికి వస్తుంది. అది తొమ్మిది. ఆఖరి దీపం అనే దాంట్లో కుక్క ముసలిదై చచ్చిపోతుంది. అది ఒకటి. అవును, ఒకటి!

మావయ్యది అచ్చయిన వరుస. చిన్నప్పుడు ఏ పుస్తకం ఏ ఏడు ఇంటికొచ్చిందో తనకి కంఠతా వచ్చంటాడు. పదిహేడు దీపాలు ముందు, కుక్కపిల్ల అన్నిటికన్నా ఆఖరున. "కుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా ఎనిమిది పుస్తకాలు చదివితేనే కదే, చివర్లో తెలిసినప్పుడు ఒళ్లు ఝల్లుమనేది! రాసినావిడకి తెలీదా ఏది ఎప్పుడు చెప్పాలో?" అంటాడు. పిన్నిది జరిగిన వరుస. కుక్కపిల్ల ముందు, చావు ఆఖరున. "నిన్ను బళ్లో వేశాక కన్నారా అన్నయ్యా? పుట్టడం ముందు, తతిమ్మావన్నీ తర్వాత. రెండో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు" అంటుంది. అక్కణ్ణుంచి ఆయన ఆమెకి కథ చెప్పడం రాదంటాడు, ఆమె ఆయనకి కామాలు తప్ప కథ కనపడదంటుంది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎవరు ముందు పుట్టినా సరే, అన్నం చల్లారిపోతోంది రండి" అంటుంది. ఇదే నాటకం, ఇవే మాటలు. పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. ఒక్క మాట మారితే ఒట్టు.

6. నాకు జరిగిన నష్టం. నాకు ఏడేళ్లప్పుడు తాత ఒకటో అంకె పుస్తకం తీశాడు. కుక్క చచ్చిపోయింది. రెండు రోజులు తిండి తినలేదు. మూడో రోజు తాత రెండో అంకె తీశాడు. మొదటి పేజీలోనే ఆ కుక్క తోకాడించుకుంటూ వచ్చింది. "తాతా, అది చచ్చిపోయింది కదా?" అన్నాను. కథలో తాతకీ నా అంతే అనుభవం. కళ్లజోడు పైకి తోసుకుని ఆ పేజీ మళ్లీ చూసి, "వచ్చినట్టుందే" అన్నాడు.

అందుకని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. చచ్చిపోయినవాళ్లు తర్వాతి భాగంలో వస్తారు.

ఆరో పుస్తకం అయిపోయిన వారానికి తాత పోయాడు. అందరూ ఏడుస్తున్నారు. నాకు అర్థం కాలేదు. "తాత ఏడో భాగంలో వస్తాడా?" అని అడిగాను. ఏడో పుస్తకం తీసుకుని మెట్ల కింద గదిలో ప్రెస్సు పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకు ఒత్తులు కూడా సరిగా రావు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పుస్తకమంతా వెతికాను. పదకొండు రోజులు పట్టింది. తర్వాత ఎనిమిది. తర్వాత తొమ్మిది. నాకు చదవడం వచ్చింది అలాగే. మాటల మీద ఇష్టం కూడా అక్కడే మొదలైందేమో, చెప్పలేను. వెతికిన మనిషి మాత్రం దొరకలేదు.

7. నా కృషి. బుడంకాయకి ఆరేళ్లు నిండబోతుండగా ఇక ఊరుకోకూడదని పూనుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. తొమ్మిది పుస్తకాల్లోంచి రెండువందల పద్నాలుగు ఆధారాలు ఏరి నోటుపుస్తకంలో రాశాను. తమ్ముడి పాలపన్ను ఎందులో ఊడింది, ఎందులో మొలిచింది. వీధిలో దీపాలు పదిహేడు నుంచి పంతొమ్మిది ఎప్పుడయ్యాయి. అక్క కోటు మోచేతికి మాసిక ఎప్పుడు పడింది. కుక్కకి రెండో చెవి ఎప్పుడు పోయింది. ఐదో అంకె పుస్తకంలో కుక్కకి నలభయ్యో పేజీ దాకా ఒక చెవి, నలభై ఒకటిలో రెండు చెవులు, మళ్లీ నలభై రెండులో ఒకటి. ఆ ఒక్క పేజీ కోసం నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. మావయ్యకి పేరు గుర్తుంటే, అచ్చువేసిన సంస్థకి మూడు ఉత్తరాలు రాశాను. ఎనిమిది నెలలకి జవాబు వచ్చింది: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. పాత ప్రతులు మా వద్ద లేవు. కొత్త జాబితా జతపరచడమైనది." జాబితాలో అన్నీ వంటల పుస్తకాలు.

చివరికి నాకు తేలింది ఏమిటంటే, మావయ్య వరుసా పూర్తిగా సరికాదు, పిన్ని వరుసా పూర్తిగా సరికాదు. ఇంట్లో రెండు వరుసలుండేవి. పద్నాలుగు నెలలు కళ్లు మంటలెత్తేలా కష్టపడి నేను మూడోది తయారుచేశాను.

8. మావయ్యకి: ఆధారాల నోటుపుస్తకం, నాలుగు ఎర్రపెన్సిళ్లు. అభిప్రాయం చెప్పమని నోటుపుస్తకం ఇస్తే, వారం ఉంచుకుని తిరిగిచ్చాడు. ప్రతి పేజీలో ఎర్రగీతలు. అక్షరం విడగొట్టు, ఖాళీ తగ్గించు, పేరా కలుపు. నా వాదన మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు. "ఇంతకీ సరైందా కాదా మావయ్యా?" అంటే, "తప్పులు దిద్దాను కదరా, ఇక శుభ్రంగా ఉంది" అన్నాడు. ఆ రోజు ఏడ్చినంత పని చేశాను. అయినా నిజం రాయాలి: నూట ముప్పయ్యో ఆధారం పక్కన, చిన్న అక్షరాలతో, "ఇది నేనూ గమనించలేదు" అని ఉంది. ఆ ఒక్క పేజీ చింపి నేను ఉంచుకున్నాను. నా తదనంతరం అది కూడా ఆయనకే చెందాలి.

9. పిన్నికి: అట్టలేని నిఘంటువు, ఒక మనవి. నేను తాత గురించి అడిగిన ఆ ప్రశ్నని ఆమె పన్నెండేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతోంది. "తాత ఏడో భాగంలో వస్తాడా అని అడిగిందండీ మా పిల్ల, ఎంత ముద్దుగా!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆమె చెడ్డమనిషి కాదు, తండ్రి పోయిన రోజు గురించి నవ్వకుండా చెప్పడం ఆమెకి చేతకాదు. ఇది నాకు ఈ మధ్యే అర్థమైంది. కానీ నేను ఎన్నిసార్లు నవ్వాలి పిన్నీ? ఇకమీదట ఆ కథ చెప్పకూడదు. తప్పనిసరైతే మొత్తం చెప్పాలి, ఆ పదకొండు రోజులతో సహా.

10. అమ్మమ్మకి. ఏమివ్వాలో తెలియడం లేదు, ఎందుకంటే ఆమె మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

పోయిన ఆదివారం ఆమె బఠాణీలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని నా మూడో వరుస గొప్పగా చదివి వినిపిస్తున్నాను. ఒలవడం ఆపకుండా, "ఆ అంకెలు నేనే వేశాను కదే" అంది.

నా చేతిలోంచి నోటుపుస్తకం జారిపోయింది.

"ఏది ముందు చిరిగితే అది ముందు కుట్టేవాడు మీ తాత. కుట్టినదాన్ని పిల్లలు మళ్లీ తెచ్చి కుట్టమని గోలపెట్టకుండా నేను అంకె వేసేదాన్ని. కుక్క చచ్చిపోయేది అన్నిటికన్నా ముందు చిరిగింది. మీ అమ్మా, మావయ్యా, పిన్నీ ముగ్గురూ దానిమీద పడి ఏడ్చి ఏడ్చి కాగితాలన్నీ ఉబ్బిపోయాయి. ఆ తొమ్మిదోది వచ్చేసరికి ముగ్గురూ పెద్దవాళ్లయిపోయారు, ముట్టుకున్నవాళ్లే లేరు. జత కలవాలని దానికీ ముందు పేజీలు తీసి అదే అట్ట వేశాడు. ఇప్పటికీ విప్పితే కిర్రుమంటుంది చూడు."

"మరి తాతకి తెలీదా?"

"ఎన్నేళ్ల మాట! అంకె కనబడితే అంకె ప్రకారం పోయే మనిషి ఆయన."

"నాకెందుకు చెప్పలేదు అమ్మమ్మా? పద్నాలుగు నెలలు!"

"నువ్వు నన్నడిగావా? పుస్తకాల్నే అడుగుతూ కూర్చున్నావు."

ఇదీ సంగతి. అది అచ్చయిన వరుసా కాదు, జరిగిన వరుసా కాదు. ముగ్గురు పిల్లలు దేన్ని ఎక్కువ చదివి చింపారో ఆ వరుస. నా రెండువందల పద్నాలుగు ఆధారాల్లో ఈ ఒక్కటి లేదు. కాగితాలు ఉబ్బి ఉన్నాయని కూడా నేను రాసుకున్నాను, తొంభై ఆరో ఆధారంగా, "బహుశా వాన" అని.

అమ్మమ్మకి: ఏడో అంకె పుస్తకంలో పన్నెండో పేజీ దగ్గర మైనం రాసిన దారం ముక్క ఒకటి ఉంది. నాకు చదవబోయే ముందు తాత ఒక్కడే అక్కడిదాకా చదువుకుని పెట్టుకున్న గుర్తు అది. నేను ఇన్నేళ్లూ దాన్ని కదపలేదు. పుస్తకం ఎవరి దగ్గరున్నా ఆ దారం అమ్మమ్మది. ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు చూపించాలి.

11. బుడంకాయకి: తొమ్మిది పుస్తకాలూ, సర్వహక్కులతో. షరతు: వాటిని నేను తేల్చిన కింది వరుసలోనే చదవవలెను, చదివించవలెను. వెన్ను అంకెల ప్రకారం: నాలుగు, ఆరు, రెండు, ఎనిమిది, తొమ్మిది, మూడు, ఐదు, ఏడు, ఒకటి. ఐదూ ఏడూ ఏది ముందో పూర్తిగా తేలలేదు గానీ, ఒకటి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆఖరునే. కుక్క ఒక్కసారే చచ్చిపోవాలి, చచ్చిపోయాక రాకూడదు. మావయ్య గానీ పిన్ని గానీ ఈ వరుస మార్చడానికి ప్రయత్నిస్తే అక్క అడ్డుపడవలెను.

(ఈ నిబంధన మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాను. చదవడానికి వీలుగానే కొట్టాను. కారణం కింద ఉంది.)

12. పై పదకొండు నిబంధనలూ మధ్యాహ్నం రెండింటికి రాయడం అయిపోయింది. ఇది ఐదింటికి రాస్తున్నాను.

మూడింటికి అక్క బుడంకాయని తీసుకుని నన్ను చూడటానికి వచ్చింది. అదే సమయానికి నన్ను రక్తపరీక్షకి కింది అంతస్తుకి తీసుకెళ్లారు. అక్కడ వరుసలో నా ముందు పదిమంది. తిరిగి వచ్చేసరికి అక్క వరండాలో నర్సుగారిని నా ఆపరేషన్ ఎన్ని గంటలకో, ఎన్ని నిమిషాలకో అడుగుతోంది. బుడంకాయ బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. మంచం కింది సంచి పక్కనే పెట్టుకుంది, ఒళ్లో ఆకుపచ్చ పుస్తకం. వెన్ను మీద ఒకటి.

"తొమ్మిది ఉండగా అదే ఎందుకు తీశావే?" అన్నాను.

"మిగతావి గట్టిగా ఉన్నాయి పిన్నీ. ఇది దానంతటదే తెరుచుకుంది" అంది. ముగ్గురు పిల్లలు ఏడ్చిన పేజీ దగ్గర కాక ఇంకెక్కడ తెరుచుకుంటుంది ఆ పుస్తకం! నాలుగు పేజీలే చదివింది. ఆ నాలుగు పేజీలే.

"కుక్క చచ్చిపోయింది" అంది. ముక్కు ఎర్రగా ఉంది. తర్వాత సంచీలోకి చూసి, "రెండోదాంట్లో ఉంటుందా?" అంది.

అక్క వైపు చూశాను. రోజుకి మూడువందల బస్సులు పంపే మనిషి గోడగడియారం చూస్తూ నిలబడింది. పద్నాలుగు నెలల పని, మూడు ఉత్తరాలు, నాలుగు పెన్సిళ్లు, ఒక పాలపన్ను, ఒక కుక్కచెవి, అన్నీ గాలికి పోయాయి. ఏం చెప్పాలో నాకు ఏ నోటుపుస్తకంలోనూ రాసి లేదు.

"ఉంటుంది. కానీ తిరిగి రాలేదు. అది బతికున్నప్పటి కథ. పుస్తకం వెనక్కి వెళుతుంది, అంతే. కుక్క ముందుకి రాదు" అన్నాను.

బుడంకాయ చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంది. "ఐతే అన్నీ ఇవ్వు. బతికున్నప్పుడు ఏమేం చేసిందో చూస్తాను" అని సంచీ భుజానికి తగిలించుకుంది. బరువుకి ఒకవైపు వాలిపోతూ మెట్లు దిగింది.

అయిపోయింది! పట్టుమని పది సెకన్లు పట్టలేదు. నాకు ఏడేళ్లప్పుడు, ఆ ఇంటినిండా పెద్దవాళ్లున్న రోజున, ఒక్కరంటే ఒక్కరు ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే నాకు ఆ పదకొండు రోజులు మిగిలేవి. ఎవరినీ తిట్టడం లేదు. వాళ్లకీ ఆ రోజు మాటలు దొరికి ఉండవు. కానీ విసుగు మాత్రం వస్తోంది, అందరి మీదా, అందరికన్నా ముందు నా మీద. పిల్లకి కావలసింది వరుస కాదని తెలుసుకోవడానికి నాకు రెండువందల పద్నాలుగు ఆధారాలు కావలసి వచ్చాయి.

కాబట్టి పదకొండో నిబంధనకి బదులు ఇవి అమలు చేయవలెను.

(క) బుడంకాయ తనకి ఏది తెరుచుకుంటే అది చదువుకుంటుంది. మావయ్య, పిన్ని, నేను, ముగ్గురమూ నోరు మూసుకోవలెను. అయితే ఎవరైనా చదివి వినిపించడం మొదలుపెడితే, ఏ వరుసలో చదివినా సరే, మధ్యలో ఆపకుండా ఆఖరిదాకా చదవాలి. వెన్ను మీది అంకెల ప్రకారం పోతే ఆఖరిది కుక్కపిల్ల పుస్తకం. దాని చివరి పేజీలో వాన పడుతుంటుంది, తమ్ముడు తలుపు తీస్తాడు, గుమ్మంలో తడిసిన కుక్కపిల్ల ఉంటుంది. తాత నాకు అక్కడిదాకా చదవాలనుకున్నాడు. ఇది తప్పు వరుసే. తప్పు వరుసని ఇంతకన్నా బాగా ముగించడం నాకు చేతకాలేదు.

(ఖ) రేపు నేను తిరిగి రాకపోతే, ఆ సంగతి బుడంకాయకి అదే రోజు చెప్పాలి. ఊరెళ్లానని, నిద్రపోయానని, నక్షత్రమయ్యానని చెప్పకూడదు. దాని పిన్ని, అంటే నేను, ఏ భాగంలోనూ రాదని చెప్పాలి. వెనక భాగాలన్నిటిలోనూ ఉందని కూడా చెప్పాలి. మొదటి మాట చెప్పి ఆపకూడదు, రెండో మాట ఒక్కటే చెప్పకూడదు. ఈ పని అక్కదే. అక్కా, గడియారం వైపు చూడకు. పిల్ల వైపు చూసి చెప్పు.

(గ) నేను తిరిగి వస్తే, ఐదో పుస్తకం ముందా ఏడోది ముందా అన్నది తేల్చడానికి నోటుపుస్తకాన్ని మావయ్య దగ్గర నుంచి వెనక్కి తీసుకునే హక్కు నాకు ఉంటుంది.

పైన రాసినదంతా నేనే రాశాను, రెండుసార్లు చదువుకున్నాను, కొట్టివేతలు నావే. ఆగస్టు పద్నాలుగో తేదీ, గురువారం, సాయంత్రం ఐదున్నర. మింగితే గొంతు నొప్పిగా ఉంది.

సంతకం: బైండరుగారి చిన్న మనవరాలు

సాక్షి 1, వార్డు నర్సు: సంతకం నా ఎదుటే చేసింది. స్పృహలోనే ఉంది, జ్వరం లేదు, బీపీ మామూలే. ఇదంతా టెంపరేచరు చార్టుల వెనక రాసింది. ఇకమీదట అలా వాడకూడదు.

సాక్షి 2, పక్క మంచం మీద ఉన్న బట్టలు కుట్టే ఆవిడ: సంతకం పెట్టే ముందు మొత్తం చదవాలంటే చదివాను. కుక్క చచ్చిపోతుందని ఈ పిల్ల ముందే చెప్పేసింది, నేను ఆ పుస్తకాలు ఇంకా చూడనే లేదు. ఇప్పుడు నేను దేనితో మొదలుపెట్టాలో రేపు వచ్చి తనే చెప్పాలి.